కష్టమైన మాట చెప్పబోయే ముందు: కొత్తగా వార్డు ఇన్‌చార్జి అయిన నర్సుల కోసం

మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివినా, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివినా మనకు నాడి చూడటం నేర్పుతారు, సూది వేయడం నేర్పుతారు, కదలలేని మనిషికి పక్క మార్చడం నేర్పుతారు. తోటి నర్సు చేతిలో తప్పు కనిపిస్తే ఆమెకు ఎలా చెప్పాలో మాత్రం ఏ తరగతిలోనూ నేర్పరు. హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చిన మర్నాటి నుంచి అదే మన పనిలో పెద్ద భాగం అవుతుంది. అదీ ఎవరికి? నిన్నటి దాకా పక్కన నిలబడి డ్యూటీ చేసిన మనిషికి, టిఫిన్ డబ్బా పంచుకున్న మనిషికి.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ప్రసూతి వార్డుల్లోనే గడిచింది. కొత్తగా ఇన్‌చార్జి అయినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, ఏ మాటతో మొదలుపెట్టాలి అని. ముందు కాస్త పొగిడి, మధ్యలో తప్పు చెప్పి, చివర మళ్లీ పొగడమని కొన్ని శిక్షణల్లో చెబుతారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. పొగడ్త మొదలవగానే వినేవాళ్లు ఇప్పుడేదో రాబోతోందని బిగుసుకుంటారు. ఆ తర్వాత మనం నిజంగా మెచ్చుకున్న రోజు కూడా అలాగే బిగుసుకుంటారు. మాట కంటే ముందు కుదరాల్సింది మనసు. మనసు కుదిరితే మాట కాస్త తడబడినా ఎదుటివాళ్లు అర్థం చేసుకుంటారు. అది కుదరకపోతే ఎంత తియ్యగా చెప్పినా లోపలి చిరాకు గొంతులోకి వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ నేను చెప్పేదంతా నోరు తెరవడానికి ముందు చేయాల్సిన పని గురించే.

మొదట తేల్చుకోవాల్సింది, ఈ మాట ఎవరి కోసం అన్నది. రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారు అందరి ముందు మనల్ని ఆపి, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు (రోగి ఒంట్లోకి ఎంత ద్రవం వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని రాసేది) ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతారు. మొహం మాడిపోతుంది. ఆ మంట చల్లారకముందే చార్టు రాయని సిస్టర్‌ను పిలిచామంటే, ఆ మాట రోగి కోసం కాదు, మన పరువు కోసం. ఆమెకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. ఆమెకు వినిపించేది చార్టు గురించి కాదు, మన కోపం గురించి. రేపటి నుంచి ఆమె చార్టు రాస్తుందేమో గానీ, ప్రొఫెసర్ గారి కోసం రాస్తుంది. రౌండ్స్‌కు ముందు హడావిడిగా అంకెలు నింపడం అలా పుట్టే అలవాటే.

అందుకు నేను పాటించే ఉపాయం చిన్నది. ఒక కాగితం తీసుకుని ఒక ప్రశ్నకు జవాబు రాసుకుంటాను: ఈ మాట చెప్పాక ఏ పడక మీది మనిషికి ఏం మారాలి? "పదో పడక అమ్మాయికి సిజేరియన్ తర్వాత మొదటి రెండు గంటలు పావుగంటకోసారి బీపీ చూడాలి." ఇది జవాబు. "ఆమె ఇంకాస్త బాధ్యతగా ఉండాలి." ఇది జవాబు కాదు, ఇందులో పడక లేదు, మనిషి లేదు, చేయాల్సిన పనీ లేదు. పడక నంబరుతో సహా రాయలేకపోతున్నానంటే నాకున్నది ఫిర్యాదే గానీ చెప్పాల్సిన మాట కాదని అర్థం. ఆ రోజుకు ఊరుకుంటాను.

రెండోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కళ్లతో చూసిందేది, మనసు కల్పించుకున్నదేది, ఈ రెంటినీ విడదీసుకోవాలి.

గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు, లేదా వస్తాయన్న భయం ఉన్నప్పుడు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తామని మనందరికీ తెలుసు. ప్రాణం నిలిపే మందు అది. ఒంట్లో మోతాదు మించితే ముందు మోకాలి ప్రతిచర్య, అంటే మోకాలి కింద తట్టగానే కాలు ఎగరడం, పోతుంది, తర్వాత శ్వాస మందగించి ఆగిపోతుంది. అందుకే నాలుగు గంటలకోసారి కండలోకి వేసే ప్రతి డోసుకు ముందూ మూడు చూడాలి: మోకాలి ప్రతిచర్య ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, గడిచిన నాలుగు గంటల్లో మూత్రం కనీసం 100 మిల్లీలీటర్లు వచ్చిందా. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఒక గ్రాము పడక పక్కనే సిద్ధంగా ఉండాలి.

ఒక ఉదయం అలాంటి రోగి కేస్ షీటులో రాత్రి తాలూకు వరుస చూశాను. ప్రతి గంటకూ శ్వాస 18. ప్రతిచోటా "మోకాలి ప్రతిచర్య ఉంది". ఒకే పెన్ను, ఒకే ఒరవడి, అక్షరాల వాలు కూడా ఒకటే. నర్సు అయిన ఎవరికైనా చూడగానే ఏమనిపిస్తుంది? రాత్రి డ్యూటీ సిస్టర్ పడుకుని, తెల్లవారుజామున లేచి ఒక్క ఊపులో నింపేసింది అని. ఇలాంటి కాగితం చేతిలో ఉన్నప్పుడు మనసు ఎంత వేగంగా పరుగెత్తుతుందో గమనించండి. కాగితం మీద ఉన్నది ఒకేలాంటి అంకెలు, ఒకేలాంటి రాత మాత్రమే. ఆమె నిద్రపోవడాన్ని నేను చూడలేదు. అబద్ధం రాయడాన్నీ చూడలేదు. ఆ రెండూ నా మనసు కల్పించినవి. అవి నిజమే కావచ్చు. కానీ వాటిని పట్టుకుని వెళితే నేను అడగడానికి కాదు, తీర్పు చెప్పడానికి వెళ్లినట్టు.

కాబట్టి కాగితం మీద రెండు వరుసలు గీసుకున్నాను. ఎడమవైపు చూసినవి, కుడివైపు అనుకున్నవి. కుడివైపున్న ప్రతిదాని పక్కనా, ఇది తప్పయితే ఇంకేం జరిగి ఉండొచ్చు అని ఒక మాట రాసుకున్నాను. ఆమె మళ్లీ డ్యూటీకి వచ్చినప్పుడు లినెన్ గదిలోకి పిలిచి, కేస్ షీటు ఇద్దరి మధ్యా పెట్టి అడిగాను. "ఈ రాత్రి తాలూకు అంకెలన్నీ ఒకేలా ఉన్నాయి సిస్టర్, రాత కూడా ఒకేసారి రాసినట్టుంది. ఎలా జరిగిందో చెప్పండి."

ఆమె చెప్పింది. శ్వాస లెక్కపెట్టింది, కానీ నిమిషం కాదు, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసింది. కేస్ షీటు సగం రాత్రి డ్యూటీ డాక్టర్ల గదిలో ఉండిపోతే, ట్రాలీకి అంటించిన ప్లాస్టర్ ముక్క మీద రాసుకుని తర్వాత ఎక్కించింది. మూత్రం సంచి చూసి కొలిచింది. మోకాలి ప్రతిచర్య మాత్రం చూడలేదు. మోకాలి మీద తట్టే చిన్న సుత్తి వార్డులో లేదు. సుత్తి లేకుండా అరచేతి అంచుతో తట్టి చూడొచ్చని ఆమెకు ఎవరూ చూపించలేదు. షీటులో ఆ గడి ఖాళీగా ఉంటే తిడతారని "ఉంది" అని రాసేసింది.

రాత్రి డ్యూటీలో నిద్రపోవడం మీద ఉపన్యాసం సిద్ధం చేసుకుని వెళ్లి ఉంటే ఈ విషయం ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. ఆమె నిద్రపోలేదని వాదించేది, నేను నమ్మేదాన్ని కాదు, అసలు ప్రమాదం అలాగే ఉండిపోయేది. నిద్రకంటే అది పెద్ద ప్రమాదం: చూడని ప్రతిచర్యను ఉందని నమ్మి తర్వాతి నర్సు తర్వాతి డోసు వేస్తుంది.

దీన్ని మెత్తగా వదిలేయమని నేను చెప్పడం లేదు. ఆ రోజు ఆమెకు స్పష్టంగానే చెప్పాను: "చూడనిది ఉందని రాయకూడదు. గడి ఖాళీగా వదిలి, సుత్తి లేదని పక్కన రాయండి. ఖాళీ గడికి నేను జవాబు చెప్పుకుంటాను. తప్పుడు గడికి రోగి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మాట మార్చలేదు. అప్పుడే పడక దగ్గరికి తీసుకెళ్లి అరచేతి అంచుతో ఎలా తట్టాలో చూపించాను. ఆ వారంలోనే సుత్తి కావాలని స్టోర్‌కు ఇండెంట్ పెట్టాను.

ఇక్కడే ఇంకో సంగతి. ఆమెకు అడ్డుపడింది ఏమిటో వెతకడం కూడా ముందు చేయాల్సిన పనే. సబ్బు లేని సింకు, ఖాళీ అయిన హ్యాండ్ రబ్ సీసా, ఒక్క నర్సుకు వార్డు మొత్తం అప్పగించిన రాత్రి: వీటిలో ఏదో ఒకటి చాలాసార్లు తప్పు వెనక నిలబడి ఉంటుంది. పిలిచే ముందు ఒకసారి ఆ చోటికి వెళ్లి చూడండి. సింకు దగ్గర కొళాయి తిప్పండి. ట్రాలీ లాగి చూడండి. అయితే సామాను లేదన్నది తప్పుకు సగం కారణమే అవుతుంది. సామాను లేదని చెప్పకపోవడం మిగతా సగం.

ఇప్పుడు మౌనం గురించి. కష్టమైన మాట చెప్పలేనివాళ్లను మనం మంచివాళ్లంటాం. నేను ఒప్పుకోను. ఆ మౌనం ఎక్కడికీ పోదు, లోపల పేరుకుని ఒక రోజు కోపంగా బయటికి వస్తుంది. ప్రసూతి వార్డులో పనిచేసే వాళ్లందరూ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కథ తెలుసుకోవాలని అందుకే అంటాను. ఈ హంగరీ వైద్యుడు పనిచేసిన వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. వైద్య విద్యార్థులు పనిచేసే మొదటి దానిలో బాలింత జ్వరంతో చనిపోయేవాళ్లు, మంత్రసానులు శిక్షణ పొందే రెండో దానికంటే ఎంతో ఎక్కువ. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు కాన్పు గదిలోకి వస్తున్నారని గుర్తించి, 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని ఆయన నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన ఆ విభాగంలో, జూన్ నాటికి ఆ సంఖ్య రెండు దరిదాపుల్లోకి వచ్చింది.

నిజం ఆయన పక్షాన ఉంది. చేతులు కడుక్కోమంటే, మీ చేతులే వీళ్లను చంపాయని వైద్యులకు చెప్పినట్టే. అంతకంటే కష్టమైన మాట ఏముంటుంది? సూక్ష్మక్రిముల సంగతి అప్పటికి తెలియదు కాబట్టి కారణం పూర్తిగా వివరించే వీలూ లేదు. ఆ పరిస్థితిలో ఆయన ఏళ్ల తరబడి తన పరిశీలనలను సరిగా ప్రచురించలేదు. పుస్తకం వచ్చింది 1861లో. దానికి వ్యతిరేకత రాగానే పేరున్న ప్రసూతి వైద్యులకు బహిరంగ లేఖలు రాసి వాళ్లను హంతకులన్నాడు. 1865లో మానసిక చికిత్సాలయంలో 47 ఏళ్లకే చనిపోయాడు. వినకపోవడంలో ఆ వైద్యుల గర్వం పాత్ర పెద్దదే, దాన్ని నేను తగ్గించి చూపించను. కానీ ఆ లేఖలు చదివిన ఎవరికైనా తమను తాము కాపాడుకోవడం తప్ప ఇంకో దారి మిగలలేదు. చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాలంటే ముందు హంతకుణ్నని ఒప్పుకోవాలి. ఎదుటి మనిషి తలెత్తుకుని మారడానికి ఒక దారి ఉంచామా అని నేను నన్ను అడిగేది ఈ కథ గుర్తుంచుకునే. మాట చిన్నగా ఉన్నప్పుడే, అంటే మొదటిసారి చూసిన వారంలోనే చెప్పేస్తే ఆ దారి ఉంచడం తేలిక.

మౌనం ఎక్కువగా ఎక్కడ దాక్కుంటుందంటే, పని బాగా వచ్చినవాళ్ల విషయంలో. నొప్పులతో అరుస్తున్న ఆడవాళ్ల మీద గట్టిగా అరిచే నర్సు ప్రతి లేబర్ రూములోనూ ఒకరుంటారు. తొడ మీద చరుస్తారు. కడుపు చేసుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకని అంటారు. ఆమె చేతి నైపుణ్యం మాత్రం గొప్పగా ఉంటుంది. బిడ్డ పుట్టిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ పది యూనిట్లు పడుతుంది, మాయ పూర్తిగా వచ్చిందో లేదో ఆమె కన్ను కనిపెట్టేస్తుంది. రక్తస్రావం మొదలైతే నలుగురి పని ఒక్కతే చేస్తుంది. అలాంటి మనిషిని ఎలా అంటాం అనుకుంటాం. ఆమె లేకపోతే రాత్రి గడవదనే భయం కూడా ఉంటుంది.

ఇక్కడ మనసును సిద్ధం చేసుకోవడమంటే ఆ భయాన్ని ఒప్పుకుని పక్కన పెట్టడం. కాన్పు సమయంలో అవమానం, దౌర్జన్యం ఆడవాళ్ల హక్కులకు భంగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటన చేసింది. మన దేశంలో 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమం కూడా లేబర్ రూములో గౌరవంగా చూడటాన్ని నాణ్యతలో భాగం చేసింది. ఈ కాగితాలు ఆమె ముందు చదవమని కాదు. ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదని నాకు నేను స్థిరపడటానికి అవి పనికొస్తాయి. ఇంకొకటి చేస్తాను: ఆమె అరిచింది విన్న తల్లి పక్కన మర్నాడు కూర్చుని కాసేపు మాట్లాడతాను. చాలామంది ఫిర్యాదు చేయరు. "కోపంలో అన్నారులే అమ్మా, నొప్పుల్లో నేనే అరిచాను" అంటారు. తప్పు తన మీద వేసుకునే ఆ గొంతు విన్నాక నాకు మాట చెప్పే ధైర్యం దానంతట అదే వస్తుంది.

ఆమె చేతిపని మీద నా గౌరవాన్ని తప్పుకు పరిహారంగా వాడను. చెప్పాల్సింది నేరుగా చెబుతాను: "నిన్న మూడో టేబుల్ మీది అమ్మాయి తొడ మీద చరిచారు. అది ఈ గదిలో జరగకూడదు." ఆ తర్వాత ఆగుతాను. ఆగడం కష్టం. నిశ్శబ్దాన్ని నింపడానికి మనమే ఆమె తరఫున సాకులు చెప్పడం మొదలుపెడతాం: పని ఒత్తిడి ఎక్కువ కదా, మీరొక్కరే ఉన్నారు కదా అని. ఆ సాకులు చెప్పాలో వద్దో ఆమెను నిర్ణయించుకోనివ్వండి.

ఎప్పుడు, ఎక్కడ అన్నవి కూడా మనసుకు సంబంధించినవే. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా నిలబడిన మనిషికి డ్యూటీ అప్పగింత సమయంలో ఏమీ చెప్పకండి. ఆమె ఆలోచన అప్పటికే బస్సు మీద, ఇంట్లో బడికి వెళ్లాల్సిన పిల్లల మీద ఉంటుంది. నలుగురి ముందు అసలే వద్దు, రోగి బంధువుల ముందు అంతకంటే వద్దు. మీరు కూడా ఆకలితో, నిద్రలేమితో ఉన్నప్పుడు పిలవకండి. నేను మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారాక, నా భోజనం అయ్యాక పిలుస్తాను. ఒక మినహాయింపు ఉంది. ప్రమాదం అప్పుడే, కళ్ల ముందే జరుగుతుంటే ఏ సిద్ధతా అక్కర్లేదు. "సిస్టర్, చేయి ఆపండి" అని అక్కడే, అందరి ముందే ఆపాలి. ఆపడం వేరు, మాట్లాడటం వేరు. మాట్లాడటం తర్వాత విడిగా.

ఎవరితో మాట్లాడుతున్నామో దాన్ని బట్టి మనసును కొంచెం మార్చుకోవాలి. కాంట్రాక్టు మీదో, అవుట్‌సోర్సింగ్ మీదో పనిచేసే సిస్టర్‌కు ఇన్‌చార్జి పిలిచిందంటే మొదట తట్టేది రెన్యువల్. ఆ భయంలో ఆమెకు మరేదీ వినపడదు. అందుకే మొదటి మాటే "ఇది మీ ఉద్యోగం గురించి కాదు, ఆరో పడక గురించి" అని చెబుతాను. అది నిజమైనప్పుడే చెప్పండి. విషయం నిజంగా ఉద్యోగం దాకా వెళ్లేదైతే అదీ దాచకండి. మనకంటే సర్వీసులో పెద్దావిడ ఉంటే, ఏళ్లుగా "అక్కా" అని పిలిచిన మనిషిని కుర్చీ మారింది కదా అని "సిస్టర్" అనడం మొదలుపెట్టకండి. "అక్కా, ఒక విషయం నేను చెప్పక తప్పదు" అంటే ఆమె పెద్దరికానికీ మన బాధ్యతకూ రెంటికీ చోటుంటుంది. డాక్టర్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను మాటను ఇంకా చిన్నది చేస్తాను: "సార్, గ్లవ్స్ మార్చలేదు." అంతకు మించి అక్కర్లేదు. చేతిలో కొత్త జత పట్టుకుని చెబితే మరీ మంచిది.

ఆమె ఏమనొచ్చో ముందే ఊహించుకోండి. ఏడవవచ్చు. మంచినీళ్లు ఇవ్వండి, ఆగండి, చెప్పిన మాటను మాత్రం వెనక్కి తీసుకోకండి. "నన్నొక్కదాన్నే అంటారు, అందరూ చేస్తున్నారు" అనవచ్చు. అది నిజమేనేమో చూస్తానని చెప్పి నిజంగానే చూడండి. "మీరు మాత్రం చేయలేదా?" అనవచ్చు. ఈ ప్రశ్నకు మనసులో జవాబు లేకుండా ఆ గదిలోకి వెళ్లవద్దు. చేసి ఉంటే చేశానని రెండు మాటల్లో చెప్పి, మళ్లీ పడక దగ్గరికి సంభాషణ తీసుకురండి. లేదా ఆమె చెప్పింది విన్నాక మన అవగాహనే తప్పని తేలవచ్చు. అందుకే గదిలోకి వెళ్లే ముందు నేను చివరగా ఒకటి ఆలోచించుకుంటాను: ఏ జవాబు వింటే నా అభిప్రాయం మార్చుకుంటాను? అలాంటి జవాబు ఒక్కటీ తోచకపోతే నేను ఇంకా సిద్ధం కానట్టే.

మాట అయ్యాక తర్వాతి రెండు మూడు డ్యూటీల్లో ఆ ఒక్క పనినే గమనించండి. మారిందనిపిస్తే వెంటనే, పేరు పెట్టి, చూసినదే చెప్పండి: "నిన్న రాత్రి మోకాలి ప్రతిచర్య గడిలో 'సుత్తి లేదు, అరచేతి అంచుతో తట్టి చూశాను' అని రాశారు, చూశాను." మారకపోతే మళ్లీ పిలిచి, ఇది రెండోసారి చెప్పడమని స్పష్టం చేయండి. ఆపైన మెమో దాకా వెళ్లాల్సి వస్తే, అందులో ఏం రాయబోతున్నారో ముందు ఆమెకే చదివి వినిపించండి. సూపరింటెండెంట్ ఆఫీసు నుంచి కవరు వచ్చాక తెలుసుకునే పరిస్థితి ఆమెకు రానివ్వకండి.